చదివేవాడి పీట

మా బీడీ షెడ్డులో అందరూ నేల మీదే కూర్చుంటారు, ఒక్కడు తప్ప. ఆ ఒక్కడికి పీట ఉంటుంది. వాడి ముందు తునికాకు ఉండదు, పొగాకు ఉండదు, చేతిలో పేపరు మాత్రం ఉంటుంది. వాడు గట్టిగా చదువుతుంటాడు, మిగతావాళ్లు వింటూ చుట్టుకుంటారు. సాయంత్రం లేచేముందు ఒక్కొక్కరూ తమ చాటలోంచి గుప్పెడు బీడీలు తీసి వాడి చాటలో పోస్తారు. కంపెనీ లెక్కలో వాడి పేరున పడేవి అవే, వాడి కూలి అదే. కన్నూరు చుట్టుపక్కల ఏ షెడ్డుకెళ్లినా ఇదే పద్ధతి. మా పుళక్కర షెడ్డులో ఆ పీట మీద చాలా ఏళ్లు కూర్చున్నవాణ్ని నేను.

నేను బడి మానేసింది నాలుగో తరగతిలో. చదువు మీద ప్రేమతో ఎవరూ నన్ను పీటెక్కించలేదు. గొంతు బావుంది, వర్షం రేకుల మీద పడుతున్నా వినబడుతుంది, అంతే. మొదట్లో నాకూ సరదాగానే ఉండేది. తర్వాత్తర్వాత విసుగొచ్చింది. ఒకచోట సమ్మె, ఒకచోట బస్సు బోల్తా, ఒక మంత్రి హామీ. పేర్లు మారుస్తే నిన్నటి పేపరే. చదవకుండానే చెప్పేయగలననిపించేది. దానికి తోడు గాల్లో ఎప్పుడూ ఉండే పొగాకు దుమ్ముకి నా గొంతు గరగరలాడటం మొదలెట్టింది. నలభై ఏడేళ్లకే పాత తలుపులాగా అయిపోయింది.

అప్పుడొచ్చింది అక్షరాస్యత ఉద్యమం. తొంభైలో. ఊరి గోడలన్నిటి మీదా సున్నంతో అక్షరాలు రాశారు. జీపుకి మైకు కట్టి పాటలు పాడారు. రేవు దగ్గర కుర్రకారు చెండ డోలు వాయిస్తూ నాటకాలేశారు. చదువురాని మొగుడు మందు సీసా అనుకుని కిరసనాయిలు తాగేస్తాడు, జనం పగలబడి నవ్వుతారు. ఆ నవ్వినవాళ్లలో సగం మందికి సీసా మీద రాసింది చదవడం రాదు.

వీటన్నిటికీ మా ప్రాంతంలో పెద్దదిక్కు భరతన్ మాష్టారు. కాలేజీలో పాఠాలు చెబుతాడు. భుజానికి గుడ్డ సంచీ, నోట్లో ఎప్పుడూ ఒక ఉపన్యాసం. ఆయన ఒకరోజు మా షెడ్డుకొచ్చి నా పీట పక్కన నిలబడ్డాడు.

"పవిత్రన్, ఇన్నేళ్లుగా వీళ్లకి చదివి వినిపిస్తున్నావు. ఇంకెన్నాళ్లు వినిపిస్తావు? చదవడం నేర్పు" అన్నాడు.

"నేర్చేసుకుంటే నా పీటేమవుతుంది మాష్టారూ?" అన్నాను.

ఆయన నేనేదో హాస్యమాడినట్టు నవ్వి, నా చొక్కాకి ఒక బిళ్ల గుచ్చాడు. డిగ్రీలున్నవాళ్లకి జీపులో సీటు, నాకు పిన్నీసు. ఆ పిన్నీసుకి చొక్కా చిరిగింది కూడా.

మా షెడ్డులో చదవడం రానివాళ్లు ఓ పది మంది, అందరూ ముసలివాళ్లే. మధ్యాహ్నం గంజి తాగాక అరగంట తరగతి. ఎందుకు నేర్చుకోవాలనుకుంటున్నారో మొదటిరోజు ఒక్కొక్కరినీ అడగమని మాష్టారు చెప్పాడు. అడిగాను.

"నువ్వు సినిమా వార్తలు ఎగరగొట్టేస్తున్నావని నాకు అనుమానం. పట్టుకుందామని" అన్నాడు చాత్తు. వాడికి అరవై దాటాయి, పళ్లు పోయాయి, నోరు మాత్రం పోలేదు.

ఒకావిడ బస్సు బోర్డుల కోసమంది. ఇంకొకాయన మనవడు వెక్కిరిస్తున్నాడన్నాడు. ఆఖర్న కొరుంబి వంతు.

"నీ పీట కోసం" అంది.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

కొరుంబక్క చేతులు చూసినవాడెవడూ నవ్వకూడదు నిజానికి. చిన్నపిల్లగా ఉన్నప్పట్నుంచీ చుట్టి చుట్టి వేళ్లు వంకర్లు పోయాయి. పొద్దున్నే వేణ్ణీళ్లలో ముంచితే గానీ తెరుచుకోవు. బీడీ మూతి మడవాలంటే బొటనవేలి గోరు ఆడాలి. ఆవిడది ఆడడం మానేసింది. రోజూ ఇంత కోటా చుట్టాలని కంపెనీ లెక్క. అది నిండకపోతే పేరు కొట్టేస్తారు. వచ్చే ఓనం పండగ దాకా పేరుంటే చాలు, పింఛనొస్తుంది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. ఓనం దాకా చుట్టకుండా బతికే చోటు ఆ షెడ్డులో ఒక్కటే ఉంది. దాని మీద నేను కూర్చున్నాను.

"కొరుంబక్కా, పీట మీద కూర్చోవాలంటే పేపరు మొత్తం చదవాలి" అన్నాను.

"నువ్వు పుడుతూనే చదివావట్రా?" అంది.

ఉద్యమంవాళ్లు పంపిన వాచకాలు మావాళ్లకి నచ్చలేదు. మొదటి పేజీలో అమ్మ బొమ్మ, కింద 'అమ్మ'. "మా అమ్మ పోయి ముప్ఫై ఏళ్లయింది, ఇప్పుడు దీన్ని చూపిస్తావా?" అని చాత్తు పుస్తకం మూసేశాడు. అక్షరాలన్నీ గుర్తుపట్టడం వచ్చాక ఇక వాచకం పక్కనపెట్టి, ఆ రోజు పేపరే ముందేశాను. పొద్దున చదివిన పేపరుతోనే మధ్యాహ్నం తరగతి. మాష్టారు ఆ మాట విని మురిసిపోయి, ఇంకో రెండు మీటింగుల్లో అది తన ఆలోచనే అన్నట్టు చెప్పుకున్నాడు.

మిగతావాళ్లు ఒక్కో మాటకీ చెమటలు కక్కుతుంటే కొరుంబక్క మాత్రం నెల తిరక్కుండానే చదివేసింది. పేపరు మీద వేలు పెట్టి, బొమ్మ చూసి, మొదటి మాట కూడబలుక్కుని, ఇక అక్కణ్నుంచి జలజలా. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతూ. నేను దగ్గే చోట తనూ దగ్గుతూ.

"ఇది పీటెక్కేస్తుంది పవిత్రా, నువ్వు ఆకు కత్తెర నూరుకో" అని చాత్తు వారం రోజులు నన్ను పీక్కుతిన్నాడు.

మాష్టారికి చెబితే ఎగిరి గంతేశాడు. ఆదివారం సాయంత్రం బడి మైదానంలో పెద్ద సభ పెట్టారు. ఊరేగింపు, నాటకం, కలెక్టరాఫీసు నుంచి ఒక పెద్దమనిషి. అందరి ముందూ కొరుంబక్క ఆ రోజు పేపరు చదవాలి. కరపత్రాల్లో ఆవిడ పేరు కూడా వేయించారు.

ఆ ముందురోజు, శనివారం, బంద్. ఏ బంద్ అని అడక్కండి, మా దగ్గర వాటికి కొరతా? పేపరు రాలేదు. మధ్యాహ్నం తరగతికి ఏమీ లేక, ఎవరో ఎండు చేపలు చుట్టుకొచ్చిన పాత కాగితం విప్పి కొరుంబక్క ముందు పెట్టాను.

ఆవిడ చూసింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"చదువక్కా."

"ఇదెలా చదవను? ఇది నువ్వు చదవలేదుగా."

"నేను చదవడమేంటి?"

"నువ్వు పొద్దున చదివితేగా నేను మధ్యాహ్నం చదివేది."

ఆవిడ మోసం చేస్తున్నట్టు లేదు, ముఖంలో అలాంటిదేమీ లేదు. ముప్ఫై ఏళ్లుగా విని విని మా షెడ్డువాళ్లకి ఒక్కసారి చెవిన పడితే చాలు. సాయంత్రం ఇంటికెళ్లి పేపరు పేపరంతా ఇరుగుపొరుగుకి అప్పజెబుతారు. అలాంటి మనిషికి పొద్దున వినిపించిందే మధ్యాహ్నం చూపించి, చదివేస్తోందని నేను సంబరపడ్డాను.

"మరి నేను చదువుతున్నానే, నాకెవరు చదివి వినిపించారనుకున్నావు?" అన్నాను.

"నువ్వు పొద్దున్నే టీ కొట్టులో కూర్చుంటావుగా. అక్కడెవరో చెబుతారనుకున్నా" అంది. నేను తల అడ్డంగా ఊపాను. ఆవిడ చేపల కాగితం వంక చాలాసేపు చూసింది. "అయితే ఎవరూ చెప్పకుండానే వస్తుందా ఇది?"

బంద్ కదా, బస్సుల్లేవు, నడిచే వెళ్లాను మాష్టారింటికి. ఆయన తోరణాలు కట్టించే పనిలో ఉన్నాడు. చెప్పాను. ముఖం మాడిపోయింది, కాసేపే.

"రేపు పొద్దున్నే పేపరు పట్టుకెళ్లి వాళ్లింట్లో చదివెయ్. ఒక్కసారి వింటే చాలు అంటున్నావుగా."

"మరి అది చదవడమా మాష్టారూ?"

"పవిత్రన్, ఆవిణ్ని చూసి వంద మంది నేర్చుకోడానికొస్తారు. ఉద్యమం ముఖ్యం" అన్నాడు, మైకు ముందు అన్నట్టే.

మైళ్లు నడిచి ఇంటికొచ్చాను. నాకేం పోయింది? ఆవిడ సభలో తెల్లముఖం వేస్తే నా పీట నాకుంటుంది. వేయకపోతే ఉద్యమం బాగుపడుతుంది. ఎటైనా నాకు కాళ్లనొప్పులే.

ఆదివారం పొద్దున పేపరు కొని కొరుంబక్క ఇంటికెళ్లాను. ఏటి ఒడ్డున పెరట్లో కూర్చుని, అరవడానికి ఓపిక లేని పిల్లి పక్కనుండగా, కత్తితో ఆల్చిప్పల్లోంచి మాంసం గీకుతోంది. చెప్పాను మాష్టారు చెప్పింది. చదవబోయాను.

"నోర్ముయ్" అంది.

"ఏమైంది?"

"నువ్వు చదివితే నాకు వచ్చేస్తుంది. ఇవాళ గెలుస్తా. రేపెవడు చదువుతాడు? ఎల్లుండి? నేను పీట మీద కూర్చుంటే నువ్వు రోజూ తెల్లారకముందే ఇక్కడికొచ్చి నా చెవిలో ఊదుతావా?"

"సభ పరువు..."

"సభ ఓనం దాకా నాకు గంజి పోస్తుందా?" చేతులు పైటకి తుడుచుకుని పేపరు లాక్కుంది. "అక్షరాలు నాకొచ్చు. నీ గొంతు లేకుండా వాటిని కలపడమే రాదు. ఇక్కడే కూర్చో. తప్పయితే తల ఊపు. మాట్లాడావంటే ఈ కత్తితో గీకుతా."

కూర్చున్నాను. జీవితంలో అంత కష్టమైన పని చేయలేదు. ఎదురుగా పేపరు, ప్రతి మాటా నాకు కనబడుతోంది, నోట్లోకొచ్చేస్తోంది. ఆవిడ ఒక అక్షరం మీద వేలు పెట్టి ఏటి వంక చూస్తుంది, మళ్లీ అక్షరం వంక చూస్తుంది. ఎండ నడినెత్తికొచ్చింది. పిల్లి గీకిన మాంసంలో సగం లాగించింది. మధ్యాహ్నానికి ఆవిడ మొదటి పేజీలో ఒక్క శీర్షిక చదివింది. అది కూడా ప్రకటనది, కొబ్బరి నూనె ప్రకటన.

"సాయంత్రం నువ్వు రావని చెప్పెయ్యనా?" అన్నాను. నోరు తెరవడం అప్పుడే.

"చీర ఏది కట్టుకోమంటావు?" అంది.

నాలుగింటికి మైదానం నిండింది. చెండ మోగింది, నాటకంలో మొగుడు మళ్లీ కిరసనాయిలు తాగాడు. కలెక్టరాఫీసు పెద్దమనిషి ఒక ముక్క ఉపన్యాసం చదివాడు. మాష్టారు కొరుంబక్కని చెయ్యి పట్టుకుని వేదిక ఎక్కించి, పేపరు ఇచ్చి, నా వంక చూసి కన్ను గీటాడు. నేను తల తిప్పుకున్నాను.

ఆయన పెద్ద శీర్షిక మీద వేలు పెట్టాడు. ఆవిడ ఆ వేలు తీసి పక్కన పెట్టింది. పేపరు తిరగేసి లోపలి పేజీలో అడుగున ఉన్న ఒక చిన్న ముక్క దగ్గర ఆగింది. పొట్టిదని ఎంచుకుందని నాకర్థమైంది.

"పు... ళ... పుళక్కర" అంది మైకులో. ఊరి పేరు వినబడగానే జనం కొంచెం కదిలారు. "రే... వు... లో..."

వేలు ముందుకి జరగలేదు. పెద్దమనిషి గడియారం చూసుకున్నాడు. మాష్టారికి చెమటలు పట్టాయి.

"సో... సోమ... వారం... నుం... చి..."

"రేపే!" అన్నారెవరో.

"మొ... ద... టి... ప..." ఆగింది. "ప... డ... వ..."

ఇక మైదానం మైదానమంతా లేచి నిలబడింది. మా ఊళ్లో సగం మంది మొదటి పడవ మీదే పనులకి పోతారు.

"పడవకేమైంది?"

"ఆపేశారా ఏంటి?"

"చెప్పు కొరుంబక్కా, తొందరగా!"

మాష్టారు ఆవిడ భుజం మీదుగా తొంగి చూసి మైకు దగ్గరికి ముఖం పెట్టబోయాడు. కొరుంబక్క మోచేత్తో ఆయన్ని నెట్టింది.

"మీరు చెప్పకండి మాష్టారూ!" అది మైకులో ఊరంతటికీ వినబడింది.

"ఎవరో ఒకరు చెప్పండ్రా, పడవ వెళ్లిపోయేలా ఉంది!" అని వెనకాల నుంచి చాత్తు అరిచాడు. నవ్వులు. వెంటనే "ఉష్, ఉష్" అని పది గొంతులు.

"ఆ... రిం... టికి... కా... కా... దు." గుక్క తిప్పుకుంది. "ఏ..."

"ఏడా? ఏడేనా?"

"ఉండండి! ఏ... డిం... టికి. ఏడింటికి!"

జనం చప్పట్లు కొట్టలేదు. ఏడింటికైతే పనిచోట మేస్త్రీలు ఊరుకుంటారా, బస్సు ఎలా అందుతుంది అని ఒకళ్లతో ఒకళ్లు మాట్లాడుకోవడంలో పడిపోయారు. సభ అక్కడే చెదిరిపోయింది. పెద్దమనిషి ప్రశంసాపత్రం ఇవ్వడం కూడా ఎవరూ చూడలేదు. మాష్టారు నన్ను పక్కకి లాగి, "ఇదా నువ్వు తయారుచేసింది? నూరు మందిలో నవ్వులపాలు చేశావు" అని పళ్లు కొరికాడు. నా మీద కోపం తీర్చుకోడానికి అందరికీ తీరికే.

మా షెడ్డు చూసుకునే అనంతన్ మేస్త్రీ అవతలి ఒడ్డు నుంచి ఆ పడవ మీదే రావాలి కదాని సోమవారం అందరం ఆలస్యంగానే షెడ్డు చేరాం. తీరా చూస్తే ఆయన మాకన్నా ముందే ఉన్నాడు. ఆయన సభకి రాలేదు. ఎప్పట్లాగే ఆరింటికి అవతలి రేవులో నిలబడి, గంటసేపు దోమలతో కుట్టించుకుని, చేతులు గోక్కుంటూ కూర్చున్నాడు.

నేను పేపరు పట్టుకుని పీట దగ్గరికెళ్లేసరికి కొరుంబక్క దాని మీద కూర్చుని ఉంది.

"ఇటివ్వు" అంది.

"మేస్త్రీ, ఇదేంటి?" అన్నాడు చాత్తు. "ఈవిడ చదివితే సాయంత్రానికి ఒక్క వార్త అవుతుంది. మిగతాది వచ్చే జన్మలోనా?"

"నీకు తొందరేముంది, పెళ్లిచూపులకి పోవాలా?" అంది కొరుంబక్క.

అందరూ మేస్త్రీ వంక చూశారు. ఆయన మోచెయ్యి గోక్కున్నాడు. "పీట కంపెనీది కాదు. మీ చాటల్లోంచి పోసేది మీరు. ఇష్టమైతే పొయ్యండి, లేకపోతే లేదు. సాయంత్రం తెలుస్తుంది. ఇప్పుడు కత్తెరలు పట్టండి."

అందరూ నా వంక చూశారు. నా పీట కదా, ఒక మాట అంటానని. అనాలని నోటిదాకా వచ్చింది కూడా. గొంతు గరగరలాడింది. ఆ గరగరని తీసుకుని ఇంకో రోజు సమ్మెలూ బోల్తాలూ చదవాలంటే, నిజం చెబుతున్నాను, ఓపిక లేకపోయింది. పేపరు ఆవిడ ఒళ్లో పడేసి వెళ్లి ఆవిడ ఖాళీ చేసిన చోట కూర్చున్నాను. ఆవిడ కత్తెర పిడికి వేళ్లు నొప్పెట్టకుండా గుడ్డ పేలికలు చుట్టి ఉన్నాయి.

నా చేతులు పని మరిచిపోయాయి. ఆకు చిరిగింది, పొగాకు కారింది, దారం ఊడింది. పక్కనున్నవాళ్లు చూసి చూడనట్టు నవ్వుకున్నారు.

కొరుంబక్క మొదలుపెట్టింది. "ము... ఖ్య... మం..."

"ముఖ్యమంత్రి!" అన్నారు నలుగురు.

"హామీ ఇచ్చారు" అన్నాడు చాత్తు. "రాసుకోండి, హామీయే."

హామీయేనని నేనూ అనుకున్నాను. ఇన్నేళ్లుగా చదివినవాణ్ని.

"నోరు మూసుకోండి. ముఖ్యమంత్రి... కి... జ... జ్వ..." కళ్లు చికిలించింది. షెడ్డులో కత్తెరల చప్పుడు తప్ప ఇంకేం లేదు. "జ్వరం!"

అందరూ ఒక్కసారి గొల్లుమన్నారు. పాపం ఆయనకి జ్వరమొస్తే నవ్వడమేంటో. నాక్కూడా నవ్వొచ్చింది. జ్వరం ఎందుకొచ్చింది, తగ్గిందా, ఆస్పత్రిలో ఉన్నాడా, నాకు తెలియదు. ఎన్నో ఏళ్ల తర్వాత మొదటిసారి, పేపర్లో తర్వాత ఏముందో తెలియకుండా కూర్చున్నాను. బీడీ చేతిలో పట్టుకుని, మూతి మడవడం మరిచిపోయి, ఆవిడ వేలి వంక చూస్తూ.

సాయంత్రానికి ముఖ్యమంత్రి జ్వరమూ, ఒక దొంగతనమూ, వర్షం గురించి సగమూ అయ్యాయి. లేచేముందు కొందరు ఆవిడ చాటలో గుప్పెడు పోశారు. కొందరు పోయకుండా తుండు దులుపుకుని వెళ్లిపోయారు. చాత్తు పోశాడు. "సగం వర్షానికి సగం" అని సగం గుప్పెడే.

చాట నిండలేదు. కోటాకి కొంచెం తక్కువ. నేను నా చాట మొత్తం అందులో ఒంపాను. లెక్కలో చెల్లే సరుకు కాదు అది, కంపెనీ చెకింగువాడు చేత్తో తాకగానే సగం విరిగిపోయాయి. మిగిలిన సగం మేస్త్రీ దగ్గరికెళ్లాయి. ఆయన దోమకాట్లు గోక్కుంటూ, ఒకసారి చాట వంకా ఒకసారి కొరుంబక్క వంకా చూసి, "సరే, ఇవాళ్టికి" అన్నాడు.

ఇవాళ్టికే. ఓనం చాలా దూరం. రేపు చాత్తు సగం గుప్పెడు కూడా పోస్తాడో లేదో. నా గోరు ఎన్నాళ్లకి దారికొస్తుందో. ఈ వయసులో మళ్లీ మొదటినుంచీ.

మంగళవారం పొద్దున టీ కొట్టులో కూర్చున్నాను. పేపరు కట్ట వచ్చి పడింది. కొట్టువాడు ఎప్పట్లాగే మొదటిది తీసి నా వైపు చాపాడు.

"వద్దు" అన్నాను.

"ఏం, బాగోలేదా ఒంట్లో?"

చూశానంటే షెడ్డులో నోరు ఆగదు. ఆవిడ కళ్లు చికిలించగానే ముందే చెప్పేస్తాను. గోడవైపు తిరిగి కూర్చుని టీ తాగాను. వెనకాల ఎవరో పేపరు విప్పి, "అయ్యో, చూశారా ఇది" అంటున్నాడు.

గ్లాసు పెట్టేసి, ఆ మాట చెవిలో పడేలోపే షెడ్డుకి నడిచాను.